మందు ఇచ్చాక మిగిలే పని

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో, ఉచిత మందుల కేంద్రంలో సేవలందిస్తున్న విశ్రాంత ఫార్మసిస్టు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన కేంద్రంలో ఎంతమందికి మందులు ఇచ్చామో, ఎంత ఖర్చయిందో కార్యదర్శి గారు నివేదికలో చదివారు. ఆ లెక్క మా కిటికీ దగ్గర ముగుస్తుంది. మందుల కవరు చేతిలో పెట్టగానే రిజిస్టరులో సంతకం, మా పని అయిపోయినట్టే. ఆ కవరు ఇంటికి వెళ్ళాక ఏమవుతుందన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. ఎందుకంటే మీరిచ్చిన రూపాయి రోగికి మేలు చేసేది మాత్ర గొంతు దిగినప్పుడే గానీ, కవరు ఇల్లు చేరినప్పుడు కాదు.

మన దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఒక్క జబ్బుతో వచ్చేవారు తక్కువ. షుగరు ఉన్నవారికి బీపీ ఉంటుంది, బీపీ ఉన్నవారికి గుండె జబ్బు తోడవుతుంది. ఆడవాళ్ళలో చాలామందికి థైరాయిడ్, అందరికీ మోకాళ్ళు. షుగరుకు రెండు రకాలు, బీపీకి రెండు, రక్తం పలచబడడానికి ఒకటి, కొలెస్ట్రాలుకు ఒకటి, థైరాయిడ్‌కు ఒకటి, గ్యాసుకు ఒకటి అనుకోండి. రోజుకు ఎనిమిది. నెలకు 240 మాత్రలు, ఏడాదికి 2,920. అన్నీ ఒకేసారి మింగేవి కావు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఏమీ తినకూడదు. మెట్‌ఫార్మిన్ భోజనంతో గానీ తిన్న వెంటనే గానీ వేసుకోవాలి. గ్లిమిపిరైడ్ టిఫినుకు ముందు వేసుకోవాలి, వేసుకున్నాక తినడం మానకూడదు. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్ర రాత్రి వేసుకుంటే నిద్ర ఉండదు, చీకట్లో లేచి జారిపడే ప్రమాదం కూడా. క్యాల్షియం, ఐరన్ మాత్రలను థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటల దూరంలో ఉంచాలి. ఇంత లెక్క ముప్పై ఏళ్ళ కుర్రవాడు కూడా తప్పకుండా పాటించగలడని నేననుకోను. డెబ్బై దాటిన మనిషి, కళ్ళు మసకబారినవారు, ఒంటరిగా ఉండేవారు ఎలా పాటిస్తారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో దీనిపై ఒక నివేదిక విడుదల చేసింది. ధనిక దేశాల్లోనే దీర్ఘకాలిక రోగులు డాక్టరు చెప్పినట్టు మందులు వాడడం సగటున సగం మేరకే ఉందని, పేద దేశాల్లో ఇంకా తక్కువని అందులో ఉంది. కనుక ఇది మన వీధి పెద్దల అశ్రద్ధ అని ఎవరూ అనుకోవద్దు. ఇది అన్ని దేశాల సమస్య.

ఎందుకు మానేస్తారు? కిటికీ ఇవతల నిలబడి విన్న కారణాలు చెబుతాను.

మొదటిది ఖర్చు. ఉచితంగా ఇచ్చినా ఖర్చు కారణమే. “వచ్చే నెల దొరుకుతాయో లేదో” అని రోజు విడిచి రోజు వేసుకుని దాచుకునేవారు ఉన్నారు. రెండు పూటలా వేసుకోవలసింది ఒక్క పూట వేసుకునేవారు ఉన్నారు. ఇంట్లో ఇద్దరికీ బీపీ ఉంటే ఒకరి చీటీ మీద వచ్చిన మాత్రలను ఇద్దరూ పంచుకునే దంపతులూ ఉన్నారు. వాళ్ళ దృష్టిలో అది పొదుపు, ప్రేమ కూడా.

రెండోది భయం. “ఇన్ని మాత్రలు వేడి చేస్తాయి”, “కిడ్నీలు పోతాయట” అన్న మాట ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. బీపీ బాగానే ఉందని డాక్టరు అనగానే, బాగైపోయింది కదా అని మానేస్తారు. మాత్ర వేసుకోవడం వల్లే బీపీ బాగుందన్న సంగతి వాళ్ళకు కూర్చోబెట్టి చెప్పినవారు ఉండరు.

మూడోది చదువు, చూపు. షీటు మీద పేరు ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మన పెద్దమ్మల్లో కొందరు ఉర్దూ చదువుతారు, కొందరు తెలుగు చదువుతారు, కొందరు ఏదీ చదవలేరు. మందుల షాపులో పదిహేను మాత్రల షీటులో అయిదే కత్తిరించి ఇస్తే, పేరూ గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఇంటికి వచ్చేది పేరులేని అయిదు తెల్ల మాత్రలు. కీళ్ళవాతం ఉన్న వేళ్ళతో రేకు చించి మాత్ర బయటకు తీయడం కూడా కొందరికి కష్టమే.

నాలుగోది చాలామంది డాక్టర్లు. షుగరుకు ఒకరు, గుండెకు ఒకరు, మోకాళ్ళకు ఒకరు. ఎవరి చీటీ వారిది. మన కేంద్రానికి వచ్చే ఒక ఖాలా సంగతి చెబుతాను. పాత చీటీ మీద గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర వేసుకునేవారు. కొత్త డాక్టరు దాని బదులు గ్లిమిపిరైడ్ రాశారు. “పాతది ఆపమ్మా” అన్న మాట ఆ రద్దీలో ఆమె చెవిన పడలేదు. రెండూ వేసుకున్నారు. ఆ రాత్రి ఆకలి లేదని సరిగా తినలేదు. తెల్లవారి కోడలు లేపబోతే ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచారు. అల్లాహ్ దయ. ఇద్దరు డాక్టర్లూ రాసింది షుగరు మందే. ఆ రెండూ ఒకే మనిషి కడుపులోకి వెళుతున్నాయని చూసినవారే లేరు.

ఈ గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం శరీరంలో చాలాసేపు ఉంటుంది. వృద్ధులకు దీన్ని వీలైనంతవరకు ఇవ్వవద్దని అమెరికాలో డాక్టర్లు వాడే బీర్స్ జాబితా చెబుతుంది. వృద్ధులకు ప్రమాదం కలిగించగల మందుల జాబితా అది, 1991లో మొదలైంది, ఇప్పటికీ సవరిస్తూ ఉన్నారు. అయితే ఈ మాట విని ఎవరూ ఇంటికి వెళ్ళి మాత్ర పారేయవద్దు. చీటీ తీసుకుని డాక్టరు గారిని అడగండి.

అయిదోది పేర్లు. ఒకే మందుకు కంపెనీకొక పేరు. గ్లైకోమెట్ అన్నా గ్లైసిఫేజ్ అన్నా లోపల ఉన్నది మెట్‌ఫార్మినే. డోలో, క్యాల్పాల్, క్రోసిన్ మూడూ పారాసిటమాలే. పేర్లు వేరు కనుక మందులు వేరనుకుని రెండూ వేసుకునేవారిని నేను చూశాను.

ఇక్కడ దాతలకు, కమిటీకి ఒక మనవి. ఈ నెల ఎవరు తక్కువకు ఇస్తే వారి దగ్గర, వచ్చే నెల ఇంకెవరు తక్కువకు ఇస్తే వారి దగ్గర కొనడం పొదుపుగానే కనిపిస్తుంది. కాని చదవలేని మనిషి మాత్రను గుర్తుపట్టేది రంగును బట్టి, ఆకారాన్ని బట్టి. గులాబీ రంగు గుండ్రటి మాత్ర ఈ నెల తెల్లగా, పొడుగ్గా వస్తే “ఇది నాది కాదు” అని పక్కన పెడతారు, లేదా పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు. అమెరికాలో గుండెపోటు వచ్చినవారిపై జరిగిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. మాత్ర రంగు మారిన తర్వాత మందు మానేసే అవకాశం 34 శాతం, ఆకారం మారితే 66 శాతం పెరిగిందని అందులో తేలింది. మందు అదే, మారింది కనిపించే రూపమే. జనరిక్ మందులు కొనండి, జన ఔషధి కేంద్రంలో కొనండి, అందులో తప్పేమీ లేదు. ఏ కంపెనీది మొదలుపెడితే అదే ఏడాది పొడుగునా కొనసాగేలా చూడండి. మార్చక తప్పని నెలలో, పాత మాత్ర పక్కన కొత్త మాత్ర పెట్టి చూపించి, పాతవి మిగిలి ఉంటే వెనక్కి తీసుకుని, అప్పుడు ఇవ్వాలి.

ఇంకో మనవి కొంచెం కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఇంట్లో పెద్దవారు గతించాక మిగిలిన మందులను సవాబు కోసం మన కేంద్రానికి తెచ్చి ఇస్తున్నారు. మీ ఉద్దేశం గొప్పది. కాని ఆ షీట్లు ఎండలో ఉన్నాయో, వంటింట్లో పొయ్యి పక్కన ఉన్నాయో మాకు తెలియదు. సగం కత్తిరించినవాటికి గడువు తేదీ ఉండదు. ఒకసారి రోగికి ఇచ్చి వెనక్కి వచ్చిన మందులను దానంగా తీసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మనకు వాడడానికి ఇష్టం లేనిది పేదవాడికి ఇవ్వడం ధర్మం కాదు కదా. ఆ మందుల బదులు వాటి విలువలో కొంత డబ్బు ఇవ్వండి.

ఇక చేయగలిగిన పనులు. పెద్ద యంత్రాలు, పెద్ద ఖర్చులు అక్కర్లేదు.

ఒకటి, సంచి చూడడం. మూడు నెలలకొకసారి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మనాలి. అన్నీ అంటే అన్నీ: ఇంగ్లీషు మందులు, హకీం గారి మందులు, ఆయుర్వేదం, కంటి చుక్కలు, షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు. బల్ల మీద పోస్తే గడువు దాటినవి, ఒకే మందు రెండు పేర్లతో ఉన్నవి, డాక్టరు ఆపమన్నా ఆగనివి బయటపడతాయి. ముఖ్యంగా నొప్పి మాత్రలు చూడాలి. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ మందులు, మూత్రం మాత్రలు వాడేవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఎవరి సంచిలోనైనా ఉంటే అక్కడే ఆగి అడగాలి. అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది.

రెండు, ఒకే కార్డు. రోగి పేరు, జబ్బులు, పడని మందులు, ప్రతి మాత్ర అసలు పేరు, దేనికోసం, ఎప్పుడు, తినక ముందా తిన్నాకా. చీటీ మీద ఓడీ, బీడీ, హెచ్‌ఎస్ అని రాస్తే డాక్టరుకూ మాకూ తెలుస్తుంది, రోగికి తెలియదు. సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, ఎదురుగా ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు పెట్టాలి. రోగికి వచ్చిన భాషలో, ఉర్దూ అయితే ఉర్దూలో, తెలుగైతే తెలుగులో రాయాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కార్డు చూపించాలి.

మూడు, వారం డబ్బా. ఏడు రోజులకు, రోజుకు మూడు నాలుగు అరలు ఉండే ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతున్నాయి. శుక్రవారం జుమా నమాజు తర్వాత కొడుకో, కోడలో, మనవరాలో ఒకసారి నింపితే వారమంతా సరిపోతుంది. అర ఖాళీగా ఉందా, వేసుకున్నట్టు. నిండుగా ఉందా, మరిచినట్టు. “వేసుకున్నానా లేదా” అన్న అనుమానంతో రెండోసారి వేసుకోవడం ఆగిపోతుంది. తేమ తగలకూడని మాత్రలను మాత్రం రేకులోనే ఉంచాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా వారికి అందనంత ఎత్తులో పెట్టాలి. షుగరు మాత్ర, గుండె మాత్ర ఒకటి రెండు మింగినా పసివాడి ప్రాణానికి ముప్పు.

నాలుగు, రోజువారీ అలవాటుకు ముడిపెట్టడం. మన పెద్దలు గడియారం చూడకపోవచ్చు, అజాన్ మాత్రం వింటారు. ఫజ్ర్ నమాజు అయ్యాక పరగడుపున థైరాయిడ్ మాత్ర. ఇషా తర్వాత పడుకునే ముందు వేసుకునే మాత్ర. ఇవి బాగా కుదురుతాయి. తిండితో ముడిపడిన మాత్రలను మాత్రం అజాన్‌కు కాదు, కంచానికి ముడిపెట్టాలి. షుగరు మాత్ర డబ్బా దస్తర్‌ఖాన్ దగ్గర ఉంటే మంచిది.

అయిదు, ఆగితే ప్రమాదమైన మందులేవో ఇంట్లో అందరికీ తెలియాలి. గుండెకు స్టెంట్ వేసినవారు క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రను తమంతట తాము ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఫిట్స్ మందు, స్టెరాయిడ్ మాత్ర, ఇన్సులిన్ కూడా హఠాత్తుగా ఆపకూడదు. పేరు పక్కన ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న మాత్రలను మింగలేకపోతున్నారని నూరి ఇవ్వకూడదు. రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మింగడం కష్టమైతే డాక్టరుకు చెబితే వేరే రూపంలో రాస్తారు.

మాత్రల సంఖ్య తగ్గించమని అడగడం కూడా మన హక్కే. రెండు మూడు మందులు కలిసిన ఒకే మాత్ర దొరికే చోట దాన్ని రాయమని అడగవచ్చు. గుండె జబ్బులకు ఇలా కలిపిన మాత్రలను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఎప్పుడో మొదలుపెట్టిన గ్యాసు మాత్ర, నిద్రమాత్ర ఇంకా అవసరమా అని అడగవచ్చు. నిద్రమాత్రల మత్తులో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దలు మీకూ తెలిసే ఉంటారు. అడగడం మన పని, నిర్ణయం డాక్టరుది.

రమజాన్ మాట చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని నేర్చుకున్న లెక్కంతా ఆ నెలలో తలకిందులవుతుంది. ఇఫ్తార్‌కు అన్నీ ఒకేసారి మింగేవారు, నెలంతా మానేసేవారు ఉన్నారు. రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ మాత్ర ఇఫ్తార్‌కు, ఏది సహరీకి, దేని మోతాదు తగ్గాలి అన్నది అప్పుడే కార్డు మీద మార్చి రాయించుకోవాలి. ఉపవాసంలో వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూసుకోవచ్చు. దానివల్ల ఉపవాసం భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. షుగరు 70 కంటే తగ్గినా 300 దాటినా ఉపవాసం విరమించాలి. ఒళ్ళు వణుకు, చెమటలు, మాట తడబాటు కనిపిస్తే మగ్రిబ్ కోసం చూడకుండా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. రోగులకు ఖుర్ఆన్‌లోనే సడలింపు ఉంది. ఆ సడలింపును వాడుకున్నందుకు మన పెద్దలు సిగ్గుపడకుండా చూడడం ఇంటివాళ్ళ బాధ్యత.

ఇప్పుడు దాతలకు నా ప్రతిపాదన. మందుల ఖాతాకు వచ్చే ప్రతి వంద రూపాయల్లో పది రూపాయలు ఈ వెనకాల పనికి కేటాయించాలి. కార్డుల ముద్రణకు, డబ్బాలకు, కదలలేని వృద్ధుల ఇంటికి నెలకొకసారి వెళ్ళే కార్యకర్త దారి ఖర్చుకు. ఈ సొమ్ము జకాత్ నుంచి తీయాలా, సదఖా నుంచి తీయాలా అన్నది కమిటీ ఉలమాలను అడిగి నిర్ణయిస్తుంది. “పది రూపాయల మందులు తగ్గిపోతాయి కదా” అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 240 మాత్రలు ఇచ్చిన ఇంట్లో సగమే వేసుకుంటే 120 అల్మారాలో పడి ఉంటాయి. మీ దానంలో సగం అక్కడే గడువు దాటిపోతుంది. పది రూపాయలు తగ్గించి ఆ సగాన్ని కాపాడుకోవడం నష్టం కాదు.

డబ్బు ఇవ్వలేనివారు సమయం ఇవ్వండి. కాలేజీలో ఫార్మసీ, నర్సింగ్ చదివే మన పిల్లలు నెలకు ఒక ఆదివారం వచ్చి సంచులు చూడడంలో సాయపడితే చాలు. నియమం ఒక్కటే: కార్యకర్త మోతాదు మార్చడు, మందు ఆపడు. చూసింది రాస్తాడు, ఫార్మసిస్టుకు గానీ డాక్టరుకు గానీ చెబుతాడు. పెద్దవారిని గద్దించడు. “ఎందుకు వేసుకోలేదు” అని అడిగితే “వేసుకున్నాను నాయనా” అనే జవాబే వస్తుంది. “ఈ వారంలో ఎన్నిసార్లు కుదరలేదు అమ్మీ?” అని అడిగితే నిజం చెబుతారు.

చివరగా, ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఒక అమ్మో, అబ్బాజానో, నానీయో మాత్రలు వేసుకుంటూ ఉంటారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకులు నెలనెలా డబ్బు పంపుతారు, మంచిదే. వారానికొకసారి వీడియో కాల్‌లో డబ్బా చూపించమని అడగండి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే మీ పెద్దవారి మందుల సంచి తెరిచి వారి పక్కన కూర్చుని ఒక్కొక్కటి దేనికో అడగండి. తెలియని మాత్ర ఒక్కటి కనిపించినా, సోమవారం ఉదయం సంచితో సహా మన కేంద్రానికి తీసుకురండి. మేము కిటికీ దగ్గరే ఉంటాం.

అల్లాహ్ మన పెద్దలందరికీ ఆరోగ్యాన్ని, మీ దానాలకు స్వీకృతిని ప్రసాదించుగాక. ఆమీన్.